చూపుల బోర్డు

మాలకొండయ్య ఫోటోకి దండ పడిందన్న సంగతి పక్కింటి ఆదెమ్మకు పాలుపోసే ఆయన చెప్పాడట. ఆయనకు ఆటో స్టాండులో ఎవరో చెప్పారట. ఆ ఎవరో మాత్రం కళ్ళారా చూశాడట. ఆదెమ్మ ఆ మాటను పిట్టగోడ మీదుగా రత్తమ్మకు అందించింది. రత్తమ్మ దాన్ని పెరట్లోకి మోసుకొచ్చి, పళ్ళు తోముకుంటున్న మొగుడి ముందు దింపింది.

"సెంటర్లో మీ తమ్ముడికి దండేశారంట. బంతిపూల దండంట, మధ్యమధ్య గులాబీలు కూడా పెట్టారంట. మనకి జెప్పకుండా ఎవరేశారు?"

వెలుగొండయ్య నోటినిండా నురగతో అలాగే నిలబడిపోయాడు. మాలకొండయ్య ఇల్లు వదిలి ఆరేళ్ళయింది. ఉన్నాడన్న కబురు లేదు, లేడన్న కబురూ లేదు. అటువంటి మనిషి ఫోటోకి దండ వేయడమంటే ఊరు ఊరంతా కూడి ఒక నిర్ణయానికి వచ్చినట్టే.

"ఎవరేస్తారు? నిచ్చెనేసినా అందదు ఆ బోర్డు" అన్నాడు ఉమ్మేసి.

"పూల దండ కాదంట. బొమ్మలో దండంట."

"బొమ్మలో దండంటే నేనెయ్యాల. నేనెయ్యలా."

"అయితే మీ కూతుర్ని అడుగు. బోర్డు దానిది గదా."

ఉప్పలమెట్టలో మనిషి పుట్టినరోజు మొదలు పెద్దకర్మ దాకా ఏం జరిగినా ముందు వెలుగొండయ్య కంప్యూటర్లోంచి బయటికి రావలసిందే. అతని ఫ్లెక్సీల షాపు అంకమ్మ ఆర్ట్స్‌కు ఇరవై ఏళ్ళు. అంతకుముందు అన్నదమ్ములిద్దరూ కుంచె పట్టినవాళ్ళు. చుట్టుపక్కల ముప్ఫై ఊళ్ళలో పురుగుమందుల ప్రకటన గోడలన్నీ వాళ్ళు రాసినవే. మాలకొండయ్య రాసిన 'ళ' చూడటానికి సైకిలు దిగేవాళ్ళు ఉండేవారు. ఫ్లెక్సీలు వచ్చి గోడలు పోయాయి. ట్రాక్టరు తొట్ల మీద పేర్లు రాసే పని ఒక్కటి మిగిలింది. ఆరేళ్ళ కిందట వెలుగొండయ్య ఆ పేర్లను కూడా స్టిక్కర్లుగా కోసే మిషను కొన్నాడు. అది షాపులోకి దిగిన రోజు మాలకొండయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంక నా చెయ్యి దేనికన్నా?" అన్నాడు. మర్నాడు పొద్దున ఒంగోలు బస్సెక్కాడు. ఆ మాట వెలుగొండయ్య ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, తమ్ముడి భార్య చెంచమ్మకు కూడా.

బదులుగా, ప్రతి ఏడూ తమ్ముడు వెళ్ళిన రోజుకు సెంటర్లో ఒక ఫ్లెక్సీ కడతాడు. 'కనిపించుట లేదు' అని పైన, మధ్యలో పసుపు చొక్కాతో తమ్ముడి ఫోటో, ఆచూకీ తెలిసినవారు చెప్పవలసిన నెంబరు కింద.

ఈ ఏడు ఫ్లెక్సీ కట్టలేదు. సెంటర్లో కూతురు హైమ నిలబెట్టిన బోర్డు ఉందిగా.

హైమ ఒంగోలులో ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. ఆ కంపెనీ చేసిన కొత్తరకం ప్రకటనల తెరను ముప్ఫై రోజుల పరీక్ష కోసం సొంత ఊరికే తెచ్చుకుంది. మొదటిరోజు దాని కింద పెద్ద రగడయింది. చెరుకురసం బండి ఆయన, "ఎంత బాగుందిరా ఆ మిరప తోట" అన్నాడు. పక్కనున్న ఆటో ఆయన, "మిరప తోట యాడుంది, అది మోటారు సైకిలు గదా" అన్నాడు. ఇద్దరూ ఒకే తెరను చూస్తున్నారు. నీకు కళ్ళు లేవంటే నీకు లేవనుకున్నారు. హైమ వెళ్ళి ఇద్దర్నీ చోట్లు మార్చి నిలబెట్టింది. అయినా చెరుకురసం ఆయనకు మిరప తోటే, ఆటో ఆయనకు బండే.

"చోటుని బట్టి కాదు, మనిషిని బట్టి" అని ఆమె షాపుకొచ్చి తండ్రికి చెప్పింది. "తెర నిండా ఆవగింజంత అద్దాలుంటాయి నాన్నా. ఎవరి కంటికి వాళ్ళ బొమ్మే పోతుంది. కెమెరా కంటిపాపను చూస్తుంటుంది. చూపు ఎక్కడ ఆగితే దాన్ని పెద్దది చేస్తుంది, ఆగనిదాన్ని తగ్గిస్తుంది. రేపు అదే మనిషి వస్తే గుర్తుపట్టి అక్కణ్ణుంచే మొదలుపెడుతుంది."

"అంటే మనం చూసేదాన్ని అది చూస్తదా?"

"మనం ఏది చూడాలనుకుంటున్నామో చూస్తుంది."

ఊళ్ళో దానికి చూపుల బోర్డు అని పేరు పడిపోయింది. వారం తిరిగేసరికి సెంటర్లో కొత్త మర్యాదలు వచ్చాయి. భార్యాభర్తలు బోర్డు దగ్గర పక్కపక్కన నిలబడటం మానేశారు. నీకేం కనపడిందని ఒకర్నొకరు అడగటం తప్పయింది. ఒక పెద్దాయన తువ్వాలు ముఖం మీద వేసుకుని దాని కిందుగా దాటిపోతుండేవాడు. ఆయనకు ఏం కనపడేదో ఆ దేవుడికీ, హైమ కంప్యూటరుకీ తెలియాలి.

ఆ పరీక్షకు సరుకు కావాలని హైమ తండ్రి ఇరవై ఏళ్ళ ఫ్లెక్సీ ఫైళ్ళన్నీ బోర్డుకు నేర్పించింది. ఊరివాళ్ళు ఏ బొమ్మకు ఆగుతారో దానికి తెలియాలి కదా మరి. చిన్నాన్న ప్రకటన ఎక్కించే రోజున, "ఇది మళ్ళీ చెయ్యమంటావా నాన్నా?" అని అడిగింది. వెలుగొండయ్య అప్పుడు ఒక బేరం మధ్యలో ఉన్నాడు. పొన్నలూరు నుంచి వచ్చిన ఒకాయన, "నీ షట్టరు మీద ఒక నెంబరు, నువ్విచ్చిన కార్డు మీద ఒక నెంబరు, మమ్మల్ని యాడికి చెయ్యమంటావబ్బా?" అని గొడవ పెట్టుకున్నాడు. "కార్డు పాతది. ఆ సిమ్ము పోయి నాలుగేళ్ళాయె. షట్టరు మీదదానికి చెయ్యి" అని ఆయనకు చెప్పి, వెలుగొండయ్య కూతురి వైపు తిరిగాడు. "పోయినేడు ఫైలే ఉందిగదమ్మా. ఏడాది మార్చి ఎక్కించు. ప్రతేడూ అంతేగదా."

ఇప్పుడు ఆ బొమ్మకే దండ పడిందంటున్నారు.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సెంటరుకు వెళ్ళారు. వెలుగొండయ్య తలెత్తాడు. పసుపు చొక్కా, దువ్విన తల, తమ్ముడి నవ్వు. మెడ చుట్టూ కాదు, ఫోటో చట్రం పై మూలల నుంచి కిందికి వేలాడుతూ బంతిపూల దండ. మధ్యమధ్య గులాబీలు. తను చేసే దండే. శ్రద్ధాంజలి ఫ్లెక్సీల కోసం పదిహేనేళ్ళ కిందట తనే చెక్కి పెట్టుకున్న దండ. నాలుగో గులాబీ పక్కన చిన్న మచ్చ ఉంటుంది, దాన్ని సవరించడానికి ఎప్పుడూ తీరలేదు. ఆ మచ్చ కూడా ఉంది.

"చూశావా?" అన్నాడు.

"ఏముంది చూడను? చక్కగా నవ్వుతున్నాడు" అంది రత్తమ్మ.

"దండ లేదా?"

"నాకు లేదు. నీకుందా?"

రత్తమ్మ బోర్డు కేసి ఒకసారి, మొగుడి కేసి ఒకసారి చూసింది. రెండూ అర్థంకాని దానిలా కొంగు బిగించి, "పద ఇంటికి" అంది.

సాయంత్రానికి ఊరు రెండుగా చీలింది. దండ కనపడినవాళ్ళు కొందరు, కనపడనివాళ్ళు కొందరు. కనపడినవాళ్ళే ఎక్కువ. కనపడనివాళ్ళు మళ్ళీ వెళ్ళి చూసి, ఈసారి కనపడిందని చెప్పుకోసాగారు. అబద్ధమాడారో, వెతికి వెతికి నిజంగానే తెప్పించుకున్నారో ఎవరు చెప్పగలరు?

చెంచమ్మ బావగారి ఇంటి వెనకే రెండు గదుల్లో ఉంటుంది. పొగాకు గ్రేడింగుకు వెళుతుంది. ఆకును వేలితో తాకక ముందే అది ఏ రకమో చెప్పగల మనిషి. ఆరేళ్ళుగా బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ఎవరూ తీయమనలేదు కూడా. ఉప్పలమెట్ట ఆ విషయంలో ఒక మర్యాద పాటించింది. తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచింది. పెళ్ళిళ్ళకు పిలిచింది, పేరంటాలకు పిలిచింది. శుక్రవారం ఆదెమ్మ మనవరాలి పెళ్ళికి పసుపు కొట్టాలి. రోకటికి తోరం కట్టి మొదటి పోటు వేసే అయిదుగురు ముత్తయిదువుల్లో చెంచమ్మ పేరు ముందే ఉంది.

బుధవారం పొద్దున ఆదెమ్మ పిట్టగోడ దగ్గరకు వచ్చి నిలబడింది. ఎప్పుడూ మోచేతులు గోడ మీద ఆనించి మాట్లాడే మనిషి, ఆ రోజు ఆనించలేదు.

"రత్తమ్మా, నన్ను తప్పుబట్టవాకు. చెంచమ్మ అంటే నాకు కూతురికింద లెక్క. కాకపోతే మగపెళ్ళోళ్ళు ఒంగోలు మనుషులు. బోర్డు చూసి అడిగారు."

"బోర్డులో ఏముందని అడిగారు? నాకు దండ కనపళ్ళా."

"నాకు కనపడింది గదమ్మా. ఏం జేద్దును? కళ్ళు పీక్కోనా?"

"మా మరిది పోయాడని నీకెవరు జెప్పారు?"

"పోయాడని నేనన్లా. పోలేదని నువ్వు చెప్పు, ఇప్పుడే పోయి పిలుస్తా."

ఆ మాటలన్నీ వెనక వాకిట్లో ఆకు కట్ట విప్పుతున్న చెంచమ్మకు వినపడే దూరంలోనే జరిగాయి. ఆమె తలెత్తలేదు. కట్ట విప్పి, మళ్ళీ కట్టి, పనికి వెళ్ళిపోయింది. వెళుతూ సెంటర్లో బోర్డు కింద చాలాసేపు నిలబడిందని మళ్ళీ ఆదెమ్మే చెప్పింది. వారం నుంచి రోజూ అలాగే నిలబడుతోందట.

ఆ మధ్యాహ్నమే హైమ షాపు వెనక గదిలో బోర్డు చూపుల రికార్డు తెరిచింది. తండ్రి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బోర్డు ఎవరికి ఏం చూపించిందో, వాళ్ళ చూపు ఎక్కడ ఎన్ని సెకన్లు ఆగిందో, అన్నీ బొమ్మ మీద ఎర్ర చుక్కల్లా పడి ఉన్నాయి.

"ఈ దండ దానికి యాడిదమ్మా?" అన్నాడు వెలుగొండయ్య.

"నీ ఫైళ్ళలోదే నాన్నా. ఊళ్ళో జనం దేనికి ఎక్కువసేపు ఆగారో లెక్క చూసుకుంది. దండ ఉన్న బొమ్మలకు ఆగారు. పుట్టినరోజు ఫ్లెక్సీలో నాయకుడి మెడలో గజమాల, కన్నీటి నివాళిలో ఫోటోకి దండ. దానికి రెండూ దండలే."

"మెడలో దండకీ ఫోటోకి దండకీ తేడా తెలవదా దానికి?"

"నేను చెప్పలేదు."

"చెప్పాలంటమ్మా? ఇదెవరికైనా చెప్పాలంటమ్మా?"

"నాకెవరైనా చెప్పారా? నాకు ఎట్టా తెలుసో నాకే తెలియదు. అందుకే దానికి చెప్పాలని తోచలేదు" అంది హైమ. ఇంతకాలం తను చేసిన పనిలో తప్పులు వెతికి దిద్దింది. ఈ తప్పును ఎక్కడని వెతకాలో ఆమెకు అంతుపట్టలేదు.

దండ మొదట ఎవరికి పడిందో చూద్దామని రికార్డును వెనక్కి తిప్పింది. ప్రకటన ఎక్కించిన మొదటిరోజు, పొద్దున తొమ్మిదీ పది. కింద చిన్న గడిలో చూసిన మనిషి ముఖం ఉంది. వెలుగొండయ్య దాన్ని వెంటనే గుర్తుపట్టలేదు. మనిషి పైకి చూస్తున్నప్పుడు తన ముఖం ఎలా ఉంటుందో తను ఎప్పుడు చూసుకున్నాడు గనక.

"నువ్వే నాన్నా."

"నేనా?"

"మెడ దగ్గర పదకొండు సెకన్లు ఆగావు."

"కాలరు దగ్గర రంగు చెదిరిందేమోనని చూశా. పాత ఫోటో గదా."

"అక్కడేదో ఉందని అది అనుకుంది. గొలుసు పెట్టి చూసింది, నీ చూపు ఆగలేదు. తువ్వాలు వేసింది, ఆగలేదు. దండ వేసింది." హైమ ఆగి, తెర మీది అంకె చదివింది. "నలభై సెకన్లు."

వెలుగొండయ్య ఆ నలభై సెకన్లను తలచుకోవడానికి ప్రయత్నించాడు. ఆ రోజు బోర్డు కింద నిలబడిన మాట నిజం. దండను చూశాడా? చూసే ఉండాలి. చూసి, ఇదేంటి అని అనుకోలేదు. ఎవరు వేశారని అడగలేదు. టీ తాగి షాపుకు వచ్చేశాడు. ఆ దండ అక్కడ ఉండటంలో ఆయన కంటికి తప్పేమీ తోచలేదు. తను కాలరును చూశాడా, తమ్ముడి చావును చూశాడా? కాలరేనని ఒట్టు వేయగలడు. వేస్తే అది అబద్ధమవుతుందేమోనన్న అనుమానం కూడా ఉంది.

"నా నుంచే ఊరికి పాకిందా?"

"ఒకరి చూపు ఆగినదాన్ని మిగతావాళ్ళకీ చూపించి చూస్తుంది. వాళ్ళూ ఆగారు."

"మీ అమ్మకెందుకు పడలా?"

"అమ్మ నవ్వును చూసింది."

తండ్రి ముఖం ఉన్న గడిని మూసి హైమ, "పిన్నిది చూద్దాం" అంది.

చెంచమ్మది తెరవగానే హైమ ముందుకు వంగింది. దండ లేదు. అంతవరకు ఊహించిందే. కానీ మొదటిరోజు నుంచీ చివరిరోజు దాకా వరసగా తిప్పుతుంటే చిన్నాన్న ముఖం కూడా తగ్గిపోతూ వచ్చింది. పసుపు చొక్కా ఒక మూలకు పోయింది. ఎర్ర చుక్కలన్నీ బొమ్మకు అడుగున గుంపు కట్టాయి. అడుగున ఉన్న అక్షరాలూ అంకెలూ ఉబ్బుతూ ఉబ్బుతూ తెరంతా నిండాయి.

"ఇదేంది? మొగుణ్ణి చూడకుండా అడుగున ఏం జూస్తది?"

"కెమెరా తప్పు చదివిందేమో. లేకపోతే పిన్నికి చూపు మందగించి అక్షరాలు కూడబలుక్కుంటోందేమో."

టీ గ్లాసులు పట్టుకుని అప్పుడే లోపలికి వచ్చిన రత్తమ్మ అది విని, "చెంచమ్మకా చూపు మందగించేది? చీకటి కొట్లో ఆకు రంగు చెప్పుద్ది అది" అంది.

ఆ చిక్కు విప్పే తీరిక లేకపోయింది. శుక్రవారం ఎల్లుండికి వచ్చేసింది. ప్రకటనే తీసేద్దామా అన్నాడు వెలుగొండయ్య. తీసేస్తే పోయినట్టు ఖాయమైందనుకుంటారని రత్తమ్మ అంది. హైమ కంపెనీవాళ్ళతో మాట్లాడి ఇంకో దారి చెప్పింది. ఈ ఒక్క బొమ్మను బోర్డు మార్చకుండా కట్టేయవచ్చు. అప్పుడు ఊరందరికీ ఒకే బొమ్మ కనపడుతుంది. అయితే ఆ బొమ్మ ఏదో మనమే చెప్పాలి. దండతోనా, దండ లేకుండానా.

"లేకుండానే. అదీ ఒక అడగటమేనా?" అంది రత్తమ్మ.

కట్టేసినా తన కళ్ళకు ఏం కనపడుతుందో వెలుగొండయ్యకు నమ్మకం లేదు. పైగా ఊరు ఇప్పటికే దండను చూసింది. తీసేస్తే ఇంట్లోవాళ్ళే దాచారంటారు. ఉంచితే చెంచమ్మ నుదుటి మీద బొట్టును తన చేత్తో తుడిచినట్టు.

"మనం తేల్చేది కాదు. దాన్నే అడుగుదాం" అన్నాడు చివరికి.

చెంచమ్మ సాయంత్రం పని నుంచి వచ్చేసరికి ముగ్గురూ ఆమె వాకిట్లో కూర్చుని ఉన్నారు. ఆదెమ్మ కూడా పిట్టగోడ అవతల నిలబడింది. వినపడాలనే నిలబడింది, దాచుకోలేదు. చెంచమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చి గడప మీద కూర్చుంది. పొగాకు జిగురుకు నల్లబడిన వేళ్ళ మధ్య చిన్న ఫోను. అంకెల మీద గీతలు పడిన పాత రకం.

"అక్కా, ముగ్గురూ ఒకేసారి వచ్చారంటే ఏదో పెద్ద సంగతే" అంది.

రత్తమ్మ మొదలుపెట్టబోయి కళ్ళొత్తుకుంది. హైమ, "పిన్నీ, తప్పు నాది" అంది. బోర్డు సంగతి, దండల సంగతి, తనకు చేతనైనంత తేలిగ్గా చెప్పింది. నాన్న నలభై సెకన్ల సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పబోయి ఆగింది కూడా. వెలుగొండయ్య అది గమనించాడు. తనే చెబుదామనుకున్నాడు. బదులుగా గొంతు సవరించుకున్నాడు.

"చెంచమ్మా, నువ్వేమంటే అదే జేద్దాం. దండ తీసేసి కట్టెయ్యమంటావా, ఉన్నదున్నట్టు ఉంచమంటావా? ఊరి సంగతి పక్కనబెట్టు. నీ మాట చెప్పు."

చెంచమ్మ ఫోనును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నాకు దండ కనపళ్ళేదు బావా."

"తెలుసమ్మా. నీకు కనపడదు. నువ్వు వాణ్ణి బతికున్నట్టే..."

"ఆయనా కనపళ్ళా. మూడు రోజుల్నించి నాకు ఆ బోర్డు నిండా అంకెలే."

హైమ తలెత్తి తండ్రి వైపు చూసింది. వెలుగొండయ్యకు ఇంకా అర్థం కాలేదు. లేక అర్థమవుతుండగా అడ్డుకుంటున్నాడో. పొన్నలూరు మనిషి, పాత కార్డు, షట్టరు, పోయినేడు ఫైలు, అంతకు ముందేడు ఫైలు, ఒకదాని వెంట ఒకటి ఆయన తలలో దొర్లుకుంటూ వచ్చాయి. ఏది ముందో ఏది వెనకో తేల్చుకోలేకపోయాడు.

"అంకెల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు దండ..." అన్నాడు.

"దండ ఉంచితే ఉంచండి, తీస్తే తియ్యండి" అంది చెంచమ్మ. "ఆ కింద మీరేసిన నెంబరుకి వారం నుంచీ రోజూ చేస్తన్నా బావా. వాడుకలో లేదంటంది. ఆయన చేసుంటే ఆయనకీ అదే వినపడుంటది గదా."